ఓపిక పట్టిన అభిమానం – థామస్ కప్పు కథ

ఆటలో ఓటమి రెండు విధాలు. చేతనైన జట్టు ఒకనాడు ఓడిపోవడం ఒకటి. ఇంకా జట్టుగా రూపు కట్టని జట్టు ఏళ్ల తరబడి ఓడిపోతూ ఉండడం మరొకటి. మొదటిదానికి అభిమాని ఒక రాత్రి బాధపడి మరునాడు మరచిపోతాడు. రెండవదానికి ఎన్నేళ్లు బాధపడవలసి ఉన్నదో ఎవరూ చెప్పలేరు. ఈ రెండవ రకపు ఓటమిని గూర్చి, దానిని భరించే అభిమానుల ఓపికను గూర్చి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాము. ఇందుకు మేము ఎన్నుకొన్న ఉదాహరణ క్రికెట్టు కాదు. పురుషుల బాడ్మింటన్‌లో ప్రపంచ జట్ల పోటీ అయిన థామస్ కప్పు. 1979లో సెమీఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయిన భారత జట్టు ఆ కప్పును చేత పట్టుకొన్నది 2022 మే 15న. నడుమ గడచినవి 43 సంవత్సరాలు. ఆ జట్టులో అమలాపురం కుర్రవాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఉండడం వల్ల కోనసీమలో ఈ కథ అందరికీ తెలిసినదే అన్న భావం ఉన్నది. నిజానికి మనలో చాలామందికి తెలిసినది దాని చివరి అధ్యాయం మాత్రమే.

కథలోకి వెళ్లే ముందు ఒక మాట. ఓపిక అనే పదం తెలుగులో చిత్రమైనది. 'ఒంట్లో ఓపిక లేదు' అంటే బలం లేదని అర్థం. 'కాస్త ఓపిక పట్టు' అంటే తొందరపడవద్దని అర్థం. బలానికీ నిదానానికీ మనవారు ఒకే మాట వాడుకొన్నారు. ఉర్దూలో ఇంతిజార్ వేరు, సబ్ర్ వేరు. ఎదురుచూడడం ఇంతిజార్, కష్టంలో కాలు నిలదొక్కుకొని ఉండడం సబ్ర్. శిరిడీ సాయిని కొలిచే తెలుగు ఇళ్లలో 'సబూరి' అని పలికే మాట ఈ సబ్ర్ తోబుట్టువే. రావులపాలెంలో బస్సు కోసం నిలబడినవాడిది ఇంతిజార్. గోదావరి పోటెత్తిన రాత్రి ఏటిగట్టు తెగకుండా ఇసుక బస్తాలు మోసినవాడిది సబ్ర్. జట్టు అభిమానికి కావలసినది ఈ రెండింటిలో ఏది అన్నదే మా ప్రశ్న.

థామస్ కప్పు నడిచే తీరు తెలియనిదే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. ఆంగ్లేయ క్రీడాకారుడు సర్ జార్జ్ థామస్‌కు ఈ పోటీ ఆలోచన 1939లో కలిగినది. యుద్ధం వచ్చి పడడంతో తొలి పోటీ 1948-49లో గాని జరగలేదు. దానిని మలయా గెలుచుకొన్నది. మొదట్లో రెండు దేశాలు తలపడితే తొమ్మిది ఆటలు ఆడేవారు. 1984 నుండి అయిదు ఆటలు: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మూడు గెలిచిన దేశానిది పైచేయి. ఈ లెక్క చిన్నదే, కాని మన దేశపు నాలుగు దశాబ్దాల బాధ అంతా ఈ లెక్కలోనే ఉన్నది. ఎంత గొప్ప ఆటగాడైనా ఒక్కడు గెలిపించగలిగినది ఒక్క ఆటనే. డబుల్స్‌లో బలం లేని దేశం ఆ రెండు ఆటలనూ ముందే వదులుకొన్నట్లు. అప్పుడు మూడు సింగిల్సూ గెలిచి తీరవలసినదే. ఒక్కడు తడబడినా అంతటితో సరి.

మనకు లేనిది గొప్ప ఆటగాళ్లు కారు. 1952లోనూ 1955లోనూ కూడా భారత జట్టు చివరి నాలుగింటిలో నిలిచినది. 1980లో ప్రకాశ్ పదుకొనె ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచాడు. ఆయన వెనుకనే వచ్చిన సయ్యద్ మోదీ 1980 నుండి 1987 దాకా వరుసగా ఎనిమిదిసార్లు జాతీయ విజేత. 1982లో బ్రిస్బేన్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణపతకం తెచ్చాడు. 1988 జూలైలో లక్నోలో ఆయన హత్యకు గురికావడంతో ఆ ఆశ అక్కడ తెగిపోయినది. 2001లో అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఇట్లా ఒక్కొక్క తరంలో ఒక్కొక్క తార ఉదయించినప్పుడల్లా అభిమానులు 'ఇక థామస్ కప్పు మనదే' అనుకొన్నారు, కాలేదు. తారలను చూచి జట్టు ఉన్నదనుకోవడం మన దేశంలో పాత అలవాటు. అది ఆటలకే పరిమితమా అంటే, దాని జోలికి ఇక్కడ పోము.

జట్టు కట్టే పని ఎక్కడ మొదలైనదో చెప్పాలంటే హైదరాబాదు వెళ్లాలి. లాల్ బహదూర్ స్టేడియంలో ఉస్తాద్ సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ సాహెబ్ దశాబ్దాల పాటు పిల్లలకు రాకెట్ పట్టడం నేర్పారు. గోపీచంద్‌కు తొలి పాఠాలు చెప్పినవారు హమీద్ హుస్సేన్; ఆ తరువాత ఆరిఫ్ సాహెబ్. గుత్తా జ్వాల ఆరిఫ్ సాహెబ్ శిష్యురాలు. సైనా నెహ్వాల్ కూడా ఆయన చేతి కింద ఆడినదే. పి.వి. సింధుకు సికింద్రాబాదులోని రైల్వే కోర్టులపై ఓనమాలు దిద్దించినవారు మెహబూబ్ అలీ. ఆరిఫ్ సాహెబ్‌కు ద్రోణాచార్య పురస్కారం 2000లోనూ, పద్మశ్రీ 2012లోనూ లభించినవి. ఉర్దూ, తెలుగు పక్కపక్కన అచ్చయ్యే ఈ పత్రికలో ఈ పేర్లు ఒకచోట ఉండడం మాకు సంతోషం కలిగిస్తున్నది. విజేతల పేర్లు పత్రికల మొదటి పుటలో వచ్చిన రోజులలో ఈ ఉస్తాదుల పేర్లు వెదికినా కనిపించేవి కావు. అయినా వారు తెల్లవారక ముందే కోర్టుకు వచ్చి పిల్లల కోసం నిలబడ్డారు. వారిది ఇంతిజార్ కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఆ శిష్యులలో ఒకడైన గోపీచంద్ గచ్చిబౌలిలో ప్రభుత్వం 2003లో ఇచ్చిన అయిదెకరాల స్థలంలో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి, 2008 నాటికి శిక్షణాలయం నిలబెట్టాడు. బెంగళూరులో ప్రకాశ్ పదుకొనె అకాడమీ 1994 నుండి నడుస్తున్నది. 2022లో గెలిచిన జట్టులో గుంటూరు కిదాంబి శ్రీకాంత్, కేరళ ప్రణయ్, మన సాత్విక్ మొదటి చోట పెరిగినవారు; ఆల్మోరా కుర్రవాడు లక్ష్య సేన్ రెండవ చోట. అంటే కప్పు గెలవడానికి పదునాలుగు, ఇరువది ఎనిమిదేళ్ల వెనుక వేసిన పునాదులు అవి.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు ఈ రకపు నిరీక్షణ బాగా అలవాటు. చికాగో కబ్స్ అనే జట్టు 1908లో ఒకసారి విజేత అయి, మళ్లీ 2016లో గాని కాలేదు. నడుమ 108 ఏళ్లు. ఆ జట్టు యాజమాన్యం 2011 చివర థియో ఎప్‌స్టీన్‌ను పిలిచి, పాత ఆటగాళ్లను వదులుకొని కుర్రవాళ్లతో మొదటినుండి కట్టమన్నది. మరు సంవత్సరం ఆ జట్టు 101 ఆటలు ఓడినది. అభిమానులు తిట్టుకొంటూనే వచ్చి కూర్చున్నారు. అక్కడ ఒక వెసులుబాటు ఉన్నది: అట్టడుగున నిలిచిన జట్టుకు కొత్త ఆటగాళ్లను ఎన్నుకోవడంలో ముందు వరుస ఇస్తారు. ఓటమికి కూడా కొంత కూలి గిట్టుతుందన్న మాట. హూస్టన్ ఆస్ట్రోస్ జట్టు 2011 నుండి మూడేళ్లు ఏటా నూటికి పైగా ఆటలు ఓడి, ఈ దారినే 2017లో గెలిచినది. గెలిచిన ఏడాది ఎదుటి జట్టు సైగలను కెమెరాతో దొంగిలించినదని 2019లో బయటపడినది. ఓపిక పట్టిన అభిమానులకు అంతకంటె అన్యాయం మేము ఎరుగము. దేశపు జట్టుకు ఈ వెసులుబాటు లేదు. ఓడితే ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆటగాడిని కొని తెచ్చుకొనే వీలు లేదు. ఉన్న నేలలో మొలిపించుకోవలసినదే.

ఇక డబుల్స్ సంగతి. మన పల్లెలలో బాడ్మింటన్ అంటే చాలాకాలం ఉన్ని బంతితో ఆడే బాల్ బాడ్మింటనే. జట్టుకు అయిదుగురు, ఆరుబయట ఆట. షటిల్ బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ. పదహారు ఈకల ఆ పిట్ట సముద్రపు గాలికి నిలవదు. కనుక పైకప్పు ఉన్న హాలు కావాలి. హాలు ఉన్నచోట కూడా కోర్టు దొరికిన పిల్లవాడు సింగిల్స్ వైపే మొగ్గుతాడు. పేరూ, డబ్బూ, ఉద్యోగమూ అందులోనే. డబుల్స్‌కు సమఉజ్జీలైన ఇద్దరు దొరకాలి, ఇద్దరికీ ఒకేసారి ఒంట్లో బాగుండాలి, ఒకరి తప్పును మరొకరు మనసులో పెట్టుకోకూడదు. ఇది పెండ్లి వంటి వ్యవహారం అని శిక్షకులు హాస్యమాడతారు. జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ 2010లో కామన్వెల్త్ స్వర్ణం, 2011లో ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచి కూడా డబుల్స్‌కు సరైన ఆదరణ కోసం జ్వాల గొంతు విప్పవలసి వచ్చినది. ఆమె మాట తీరు నచ్చనివారు ఉండవచ్చు. ఆమె అడిగినది న్యాయమని 2022 రుజువు చేసినది.

2014లో థామస్ కప్పు ఢిల్లీలోనే జరిగినది. సొంత గడ్డమీద మన పురుషుల జట్టు తొలి అంచె దాటలేదు. 2018లో బ్యాంకాక్‌లోనూ అంతే. ఆ అంచెలో ఫ్రాన్సు చేతిలో కూడా ఓడినది. విచిత్రమేమిటంటే, అంతకు ముందు సంవత్సరమే శ్రీకాంత్ ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి ఉన్నాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ ప్రథమ స్థానం కూడా అందుకొన్నాడు. తార ఉన్నది, జట్టు లేదు. ఆ రోజులలో పైకి కనిపించని పని ఒకటి జరుగుతూ ఉన్నది. 2015లో మలేసియా నుండి వచ్చిన డబుల్స్ శిక్షకుడు టాన్ కిమ్ హర్, అమలాపురం సాత్విక్‌ను, ముంబయి చిరాగ్ శెట్టిని ఒక జోడీగా కలిపాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ కోర్టు వెనుక నిలిచి బలంగా కొట్టే రకం. నెట్ దగ్గర ఆడేవాడు ఒకడు, వెనుక ఆడేవాడు ఒకడు అన్నది మామూలు సూత్రం. ఇద్దరు వెనుకవాళ్లను కలిపితే ముందు ఎవరు నిలుస్తారని వారికే సందేహం కలిగినది. 2023లో కొలిచినప్పుడు సాత్విక్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. అంతటి దెబ్బ ఉన్నవాడు నెట్ దగ్గర చిన్న తాకుడు నేర్చుకోవడానికి ఏళ్లు పట్టడంలో వింత లేదు.

ఈ ఏళ్లను అర్థం చేసుకోవడానికి కోనసీమవారు ఎక్కడికీ పోనక్కరలేదు, పెరట్లోకి చూస్తే చాలు. గంగబొండం మొక్క నాటితే మూడు నాలుగేళ్లకే కాపు చూపుతుంది, బొండానికి బాగుంటుంది. దేశవాళి పొడుగు చెట్టు ఆరేడేళ్లకు గాని గెల వేయదు. కాని మనుమల కాలం దాకా కాస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యికి పైగా ప్రాణాలు పోయినవి. తోటలకు తోటలు నేలకొరిగినవి. మరునాడు రైతుకు ఎదురుగా ఉన్నది ఒకటే లెక్క: ఈరోజు నాటితే కాపు ఎప్పటికి? ఆ ఆరేడేళ్లూ కోనసీమ రైతు గట్టున కూర్చోలేదు. మొక్కల నడుమ అరటి, కంద, కూరగాయలు వేసుకొన్నాడు. పాదు చేశాడు, ఎరువు వేశాడు. మొవ్వు కుళ్లిందేమోనని చూచుకొన్నాడు. చచ్చిన మొక్కను పీకి మరొకటి పెట్టాడు. మొక్క ఎదుగుతున్నదీ లేనిదీ ఏటికేడు కొత్త మట్ట చూచి గుర్తించాడు. ప్రతి ఏడూ కాపు రాలేదని తోట అంతా పీకి మళ్లీ నాటినవాడికి ఎన్నడూ కాయ దక్కదు. ఎండిన మొక్కకు ఏడేళ్లు నీళ్లు పోసినవాడికీ దక్కదు. చూపు అక్కడ ఉండాలి. క్రీడాభిమాని విషయంలోనూ మేము చెప్పదలచినది ఇదే: జట్టు ఓడినదా గెలిచినదా అన్నది కాయ లెక్క, కొత్త మట్ట వచ్చినదా అన్నది వేరే లెక్క.

సాత్విక్, చిరాగ్ జోడీలో కొత్త మట్టలు కనిపించకపోలేదు. 2018 కామన్వెల్త్ క్రీడలలో రజతం, 2019లో థాయిలాండ్ ఓపెన్. అటుపిమ్మట 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్. అక్కడ తొలి అంచెలో మూడు ఆటలకు రెండు గెలిచారు. ఓడించినవారిలో చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చీలిన్ కూడా ఉన్నారు. చివరకు స్వర్ణపతకం గెలిచినది ఆ జోడీయే. అయినా మూడు జోడీలు సమానంగా నిలవడంతో గేముల లెక్కలో వెనుకబడి మనవారు ఇంటిముఖం పట్టారు. ఫలితాల పట్టికలో చూస్తే 'తొలి అంచెలోనే నిష్క్రమణ'. ఆట చూచినవారికి మాత్రం వేరుగా తోచినది. ఆ సాయంత్రం నిరాశపడి డబుల్స్‌ను వదిలివేసిన అభిమానులు ఎందరో, పట్టుదలగా నిలిచినవారు ఎందరో లెక్క తెలియదు గాని, రెండవ కోవకు చెందినవారికి పది నెలలలో జవాబు దొరికినది.

2022 మేలో బ్యాంకాక్. క్వార్టర్ ఫైనల్లో మలేసియాతో తొలి సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడాడు. సాత్విక్ జోడీ గెలిచి సమం చేసినది. శ్రీకాంత్ గెలిచాడు. రెండవ డబుల్స్ పోయినది. చివరి ఆటలో ప్రణయ్ గెలిచాడు; 3-2. థామస్ కప్పులో మన దేశానికి తొలి పతకం ఖాయమయినది ఆ రాత్రియే. సెమీఫైనల్లో డెన్మార్కుతో అచ్చం అదే వరుస: లక్ష్య ఓటమి, సాత్విక్ జోడీ గెలుపు, శ్రీకాంత్ గెలుపు, రెండవ డబుల్స్ ఓటమి, ఆట నడుమ చీలమండ మెలికపడినా ఆట కొనసాగించిన ప్రణయ్ గెలుపు. పాఠకులు ఇక్కడ ఒకసారి ఆగి పైన చెప్పిన లెక్క వేసుకోవాలి. ఈ రెండు రోజులలోనూ ఆ ఒక్క డబుల్స్ ఆట పోయి ఉంటే, శ్రీకాంత్, ప్రణయ్ ఎంత బాగా ఆడినా భారతం 2-3తో ఓడి ఉండేది. ప్రకాశ్ నాటి నుండి మనకు లోటుగా ఉన్న ఇటుక అది.

ఫైనల్లో ఎదుటివారు ఇండొనేసియా, అప్పటికి పద్నాలుగుసార్లు విజేతలు. తొలి గేములో 8-21తో చిత్తయిన లక్ష్య తరువాతి రెండూ గెలుచుకొని గింటింగ్‌ను ఓడించాడు. సాత్విక్, చిరాగ్ తొలి గేము 18-21తో పోగొట్టుకొని, రెండవ గేములో ఓటమి అంచున నాలుగు మాచ్ పాయింట్లు కాచుకొని 23-21తో బయటపడ్డారు, మూడవది 21-19. ఎదుట నిలిచినవాడు మహమ్మద్ అహ్సాన్, మూడుసార్లు ప్రపంచ విజేత; పక్కన సుకముల్జో. తరువాత శ్రీకాంత్ జొనాతన్ క్రిస్టీని రెండు గేములలో ఓడించడంతో 3-0. అంతకు ముందు ఆ కప్పు గెలిచిన దేశాలు అయిదే, భారతం ఆరవది. అదే నెల 24న అమలాపురం మరొక కారణంగా దేశమంతటా వార్తలకెక్కినది. జిల్లా పేరు విషయమై చెలరేగిన అల్లర్లలో ఇళ్లు తగులబడినవి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయినది. తొమ్మిది రోజుల తేడాతో ఒకే ఊరి పేరు రెండు విధాలుగా పలకబడడం చూచి మేము చాలా నొచ్చుకొన్నాము.

ఆ తరువాత సాత్విక్ జోడీ 2023లో ఆసియా విజేతలయినది. ఇండొనేసియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినది. ఆ అక్టోబరులో ప్రపంచ ప్రథమ స్థానం చేరినది. 2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మలేసియా జోడీ చేతిలో ఓడినది. అప్పుడు కూడా 'ఇక అయిపోయినది' అన్నవారు ఉన్నారు. 2025లో పారిస్‌లోనే ప్రపంచ పోటీలలో మళ్లీ కాంస్యం వచ్చినది.

కప్పు మాత్రం నిలవలేదు. 2024లో చెంగ్డూలో క్వార్టర్ ఫైనల్లో చైనా 3-1తో మనలను ఇంటికి పంపినది. ఆ రోజు సాత్విక్ జోడీ కూడా ఓడినది; లక్ష్య ఒక్కడే గెలిచాడు. కాని పోటీ ముగిసినది నాలుగవ ఆటలో, అంటే రెండవ డబుల్స్‌లో. 2022లో మలేసియా మీద, డెన్మార్కు మీద ఓడిపోయినదీ ఆ నాలుగవ ఆటయే. అప్పుడు ఆడిన గారగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ ఇద్దరూ తెలుగువారే, అప్పటికి కొత్త జోడీ. 2024 నాటికి ఆ స్థానంలో వేరొక జోడీ ఉన్నది. రెండేళ్లకొకసారి వచ్చే ఈ పోటీలో మన దేశపు ఆట ఉన్నదని తెలిసిన రోజున మా కోనసీమ మిత్రులు సాత్విక్ ఆట కాగానే లేచి వెళ్లిపోతారు. వారు ఇంకొక గంట కూర్చుని ఆ నాలుగవ ఆట చూడాలని, అందులో ఆడే కుర్రవాళ్ల పేర్లు గుర్తు పెట్టుకోవాలని మా కోరిక.